రెండో చెయ్యికి నోటీసు

నమోదు 1

ఆకాశం సరిచూశారా: చూశాను. తెల్లగా ఉంది.
ఎందుకు ఎగరేశారు: వినోదానికి.
వివరాలు:

ఎగరేసినప్పుడల్లా నింపే ఈ పట్టికలో అందరూ "ఏమీ లేవు" అని కొట్టి గగన కార్యాలయానికి పంపించేస్తారు. నేను రాస్తాను. రాయమని అడిగింది మీరే కాబట్టి చదివి చావండి.

నా పేరు నూకరత్నం. దిబ్బపాలెం బ్యాటరీ యార్డులో సుత్తి పని. మీ సరుకు డ్రోన్లు పగలనకా రాత్రనకా మా నెత్తి మీద దారి కట్టి తిరుగుతాయి. వాటిలో చచ్చిన బ్యాటరీలు మా యార్డుకి వస్తాయి. వాటి పొట్ట పగలగొట్టి లోపలి రేకులు ఏరుతాం. బడికి పోలేదు గానీ, పగలగొట్టినదాన్ని మళ్ళీ అతికించి చూసి చూసి ఏ తీగ ఎందుకుందో నేర్చుకున్నాను. మీ రూల్స్ కూడా అలాగే చదువుకున్నాను, పగలగొట్టి.

ఆదివారం మాత్రం ఆకాశంలో ఒక గడి మాకు వదులుతారు. యార్డు గోడ నుంచి అలల దాకా. ఫోన్లో మ్యాప్ తెరిస్తే ఆ గడి తెల్లగా ఉండాలి. ఎర్రబడితే వెంటనే దించాలి. దించకపోతే మీ కాపలా డ్రోను, మేం గద్ద అంటాం, అది వచ్చి, ఎగిరేదాన్ని కాదు, రిమోట్ పట్టుకున్న చెయ్యిని చూస్తుంది. దాని ముక్కు దగ్గర రంపపు చక్రం ఉంటుంది. ఇప్పటిదాకా ఇక్కడ ఎవరి మీదా వాడలేదు. పక్క రేవులో వాడారని విన్నాం.

మాది పందెం ఆట. మా తాతలు కోళ్ళకి కట్టిన కత్తులే మేం పిట్టలకి కడతాం. పిట్టంటే డ్రోనే. కత్తి కట్టి రెండింటినీ వదులుతాం. ఏది ముందు రెండోదాని రెక్క కోస్తే అది గెలిచినట్టు. ఓడిన పుంజుని కోజ అని పట్టుకుపోయినట్టే, ఓడిన పిట్టని గెలిచినవాడు పట్టుకుపోతాడు. కత్తి కట్టేది నేను. ఎగరేసేది మా తమ్ముడు లోవరాజు, యార్డులో లారీలకి ఎత్తుడు పని చేస్తాడు. బరి పెద్ద మరిడయ్య బాబాయ్, కోళ్ళ కాలం నుంచీ ఆయనే.

కట్టుబాటు ఒకటుంది. కత్తి కట్టే ముందు మ్యాప్ తెరిచి అందరికీ చూపించాలి. మరిడయ్య బాబాయ్ "తెల్లన" అని మూడుసార్లు అరుస్తాడు. ఆ తర్వాత అక్కడున్న ప్రతివాడి ఫోనూ కోళ్ళ గంప కింద మూసేస్తాం. ఫోనుతో అవతలి పిట్ట సిగ్నల్ చెరిపే దొంగలు తయారయ్యారని ఆయన పెట్టిన కట్టు. పిట్ట పడేదాకా గంప ఎత్తకూడదు.

ఈరోజు మా పిట్ట గెలిచింది. వినోదం అయింది. చాలా.


నమోదు 2

ఆకాశం సరిచూశారా: చూశాను. కత్తి కట్టేలోపు పసుపుపచ్చ అయింది, మళ్ళీ తెల్లబడింది.

ఇదేం ఆకాశమో ముందు మీరు చెప్పండి. పోయిన ఆదివారం గడి అలల దాకా ఉండేది. ఇప్పుడు ఎండిన పడవల దగ్గరే ఆగిపోయింది. చెప్పాపెట్టకుండా జరుపుకుంటారు, పొలం గట్టు జరిపే దొంగల్లాగ. మ్యాప్‌లో గీత కదిలినప్పుడు ఒక మెసేజ్ వస్తుందట. మెసేజ్ చూసేలోపు పిట్ట గీత దాటిపోతుంది.

యార్డు గేటు దగ్గరుండే గగన ఇన్‌స్పెక్టర్ పరాంకుశాన్ని అడిగాను.

"సరుకు రద్దీ పెరిగిందమ్మా. దారి వెడల్పు చెయ్యాలి కదా. మీది ఆట. వాళ్ళది పని."

"మాదీ పనే సార్. వారమంతా చేసేదే పని. ఇది దాని మీద కారం."

"మరీ అంత కారం తినకూడదు," అని నవ్వి టీ తాగాడు.

ఇంటికొచ్చి చెబితే లోవరాజు కూడా నవ్వాడు. "ఆయన టీ గ్లాసులో ఈగ పడితే దానిక్కూడా గడి సూపించమంటాడక్కా," అన్నాడు.

ఈరోజు గద్ద ఒకటి కిందుగా తిరిగింది. ఏమీ చెయ్యలేదు. చూసుకుని పోయింది.


నమోదు 3

పట్టిక నింపను. నేరుగా రాస్తాను.

తెల్లగా ఉంది. నేను చూశాను, తమ్ముడు చూశాడు, మరిడయ్య బాబాయ్ మూడుసార్లు అరిచాడు. ఫోన్లన్నీ గంప కిందికి పోయాయి. కత్తి కట్టాను. మా పిట్ట, ఈసారి మా మీద పందెం కాసిన గంటయ్య పిట్ట పైకి లేచాయి. గంటయ్యది బరువు, మాది చురుకు. లోవరాజు దాన్ని కిందికీ పైకీ ఆడిస్తుంటే జనం గుండ్రంగా తిరుగుతున్నారు.

అప్పుడు గంప మోగింది. లోపలున్న ఫోన్లన్నీ ఒక్కసారే ఝుమ్మన్నాయి, తేనెపట్టుని కర్రతో పొడిచినట్టు.

"కోళ్ళకి మెలకువొచ్చింది," అన్నారెవరో. నవ్వారు.

నేను నవ్వలేదు. "బాబాయ్, అన్నీ కలిసి మోగేయి. ఆకాశం తిరిగిందేమో. గంప ఎత్తనా?"

"ఎత్తితే పందెం సెల్లదు. గంటయ్య ఊరుకోడు. పిట్ట పడనీ, సూద్దాం."

గంటయ్య కూడా అన్నాడు, "ఓడిపోతావని గంప ఎత్తుతావేటే రత్నం?"

ఆ మాటకి నా చెయ్యి ఆగింది. అందరి చేతులూ ఆగాయి. మా వాళ్ళకి అంతే. చావనైనా చస్తారు గానీ పందెం పాడుచేశారంటే పడరు.

గద్ద ఎండవైపు నుంచి వచ్చింది. చప్పుడు లేదు. తమ్ముడి కుడి చెయ్యి మణికట్టు దగ్గర నుంచి లేదు. అంతే. ముందు వాడికే తెలియలేదు, పైకి చూస్తూ ఇంకా పిట్టని తిప్పుతున్నాననుకున్నాడు. తర్వాత రక్తం వాడి ముఖం మీద పడింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కత్తి కట్టే దారంతోనే వాడి మోచెయ్యి బిగించాను. దారం మాంసంలోకి దిగేదాకా బిగించాను. నా నోట్లో ఇసుక, వాడి రక్తం.

చెయ్యి అవతల ఇసుకలో పడింది. రిమోట్ వదల్లేదు. బొటనవేలు మీట మీదే బిగుసుకుపోయి ఉంది. పైన పిట్ట ఇంకా తిరుగుతోంది. రిమోట్ లాగేద్దామని ఒక్కడికీ తట్టలేదు. అందరూ మనిషిని చూస్తున్నారు. మనుషులు కదా. బ్యాటరీ అయిపోయేదాకా అది ఆకాశంలో చక్కర్లు కొట్టి సముద్రంలో పడింది.

అప్పుడు గంప ఎత్తారు. ప్రతి ఫోనూ ఎర్రగా ఉంది.


నమోదు 4

వాడు బతికాడు. యార్డు కంపౌండరు కాల్చి కుట్టాడు.

మీ నోటీసు వచ్చింది. ఇక్కడే మళ్ళీ రాస్తున్నాను, మీరు రాసింది మీకే వినిపించాలి.

మొదటి ఉల్లంఘన, నిషిద్ధ గగనంలో ఎగరవేత. చర్య పూర్తయినది. రెండవ ఉల్లంఘన, చర్య పూర్తయిన తరువాత కూడా అదే వ్యక్తి ఎగరవేత కొనసాగించుట. చర్య, రెండవ చెయ్యి.

పరాంకుశం దగ్గరికి పోయాను. చేతిలో సుత్తి ఉందని మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు, బల్లకి అవతలే నిలబడ్డాడు.

"తెగిన చెయ్యి ఎగరేసిందంటారా సార్?"

"నేను అనలేదమ్మా. యంత్రం రాసింది. రిమోట్ మీద వేలు ఉంది. వేలిముద్ర అతనిదే."

"చెయ్యి ఇసకలో ఉంది. మనిషి నా ఒళ్ళో ఉన్నాడు."

"ఆ తేడా రాయడానికి దాంట్లో చోటు లేదు. అప్పీలు పెట్టుకో. వర్షాలు వెళ్ళేసరికి తేలుతుంది."

"అంతదాకా?"

"నీడలో ఉంచు. ఆకాశం కింద కనపడకపోతే గద్ద ఏం చేస్తుంది? లైసెన్సుకి ముఖం ఇచ్చాడు, నడక ఇచ్చాడు, అరచెయ్యి ఇచ్చాడు. బయట తిరిగితే గుర్తుపడుతుంది మరి. నీ మంచికే చెబుతున్నా."

బల్ల మీద టీ గ్లాసు సుత్తితో పగలగొట్టాను. అందుకు కూడా నోటీసు పంపుకోండి.


నమోదు 5

గద్ద మా ఇంటి ఎదురుగా దీపస్తంభం మీద కూర్చుంది. ఎండకి ఛార్జి ఎక్కించుకుంటుంది, కదలదు. మా గుమ్మం వైపే ముఖం.

లోవరాజు రేకుల కిందే ఉంటున్నాడు. మరుగుదొడ్డి బయట. మొదట తెల్లారకముందే వాడిని తీసుకెళ్ళి చూశాం. చీకట్లో కూడా నడక గుర్తుపట్టింది. గుమ్మంలోకి లాగేసరికి గడపలో వేలెడంత లోతు చీరింది. తర్వాత నలుగురం టార్పాలిన్ పట్టుకుని, దాని కింద వాడిని నడిపించాం. టార్పాలిన్‌ని నిలువునా కోసింది. గంటయ్య భుజం తెగింది. పందెంలో నా మీద నోరు పారేసుకున్న గంటయ్యే, రక్తం కారుతున్నా తన వైపు మూల వదల్లేదు. ఇప్పుడు ఇంట్లోనే బకెట్. పద్దెనిమిదేళ్ళు దాటినవాడు అక్క ముందు బకెట్‌లో పోసుకుంటున్నాడు.

నిన్న అన్నం తినిపిస్తుంటే ముఖం తిప్పేసుకున్నాడు.

"ఇచ్చేత్తానక్కా. ఒక్కసారి చెయ్యి బయట పెడితే దాని పనీ అయిపోద్ది, నా పనీ అయిపోద్ది. ఊరు మీద నుంచి పోద్ది."

"రెండూ పోతే నీకు అన్నం ఎవడు పెడతాడ్రా?"

"నువ్వే."

"నేను పెట్టను."

"అయితే పరాంకుశం గారు పెడతారు. టీలో ముంచి."

చెంప మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. ఇద్దరం నవ్వాం, తర్వాత వాడు ఏడ్చాడు. వాడికి కుడి చెయ్యి ఇంకా నొప్పి పెడుతుందట. లేని చెయ్యి. బొటనవేలు దగ్గర.

సాయంత్రం మరిడయ్య బాబాయ్ వచ్చాడు. ఆ రోజు నుంచీ ఆయన మా గుమ్మం తొక్కలేదు. లోపలికి రాకుండా గడప మీదే కూర్చుని స్తంభం మీది గద్దని చాలాసేపు చూశాడు.

"ఇది డేగలా దూకుద్ది," అన్నాడు. "పైనుంచి పడే పుంజుతో పైకెళ్ళి కొట్టాడకూడదు. కింద కూసోవాలి. అది దూకినప్పుడు కాళ్ళు ముందుకొత్తాయి, పొట్ట ఒట్టిగా ఉంటది. అప్పుడు కిందనుంచి లేవాలి."

"ఎక్కడికి దూకుతుందో ముందే తెలియాలి కదా బాబాయ్."

ఆయన లోపలికి చూశాడు. లోపలి నుంచి లోవరాజు చెప్పాడు.

"నా సేతికి దూకుద్ది. ఇంకెక్కడికి దూకుద్ది?"

వద్దని అరిచాను. నా చెయ్యి పెడతానన్నాను. గంటయ్యది పెడదామన్నాను. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. దానికి ఊళ్ళో ఎవడి చెయ్యీ అక్కర్లేదు. ఈ ఒక్కటే కావాలి.


నమోదు 6

ఆకాశం సరిచూశారా: చూశాను. ఈసారి నాకంటే బాగా ఎవరూ చూసి ఉండరు.

మళ్ళీ ఆదివారం వచ్చింది, యార్డు గోడని ఆనుకున్న మా ఇల్లు గడి లోపలే ఉంది. ఫోను గంప కింద పెట్టలేదు. గంటయ్య కూతురు దాన్ని నా కళ్ళ ముందు పట్టుకుని నిలబడింది. రూల్స్ మళ్ళీ చదివాను. తెల్ల గడిలో పిట్ట ఎగరేయడం నా హక్కు. కత్తి కట్టకూడదని ఎక్కడా లేదు, మీకు ఆ ఊహే రాలేదు. తెల్ల గడిలో ఉన్న పిట్ట మీదికి ఇంకోటి వచ్చి పడితే తప్పు వచ్చిపడినదానిది. అదీ మీరు రాసిందే.

రేకుల చూరు ముందు, నేల మీద నుంచి మోకాలెత్తులో, గంటయ్య ఇచ్చిన తన పిట్టని నిలబెట్టాను. పెద్ద కత్తి, పైకి చూసేలా కట్టాను. రిమోట్ నా చేతిలో. యార్డు వాళ్ళంతా సుత్తులతో గోడ వెంబడి.

"తెల్లన," అంది గంటయ్య కూతురు.

లోవరాజు చూరు కింద నుంచి రెండడుగులు వేసి, ఎడమ చెయ్యి చాపాడు. అన్నం ముద్ద కోసం చాపినట్టు. దించలేదు.

గద్ద స్తంభం మీద లేదు. అది లేవడం నేను చూడలేదు. వాడి వేళ్ళనే చూస్తున్నాను. వాటి మీద నీడ పడగానే పిట్టని లేపాను. ఇనుము ఇనుములో దిగిన చప్పుడు. రంపం తమ్ముడి చిటికెనవేలి చివర తీసుకుపోయింది, అంతవరకే. ఒక రెక్క ఊడిపోయి, గద్ద ఇసుక మీద పక్కకి పడి గింగిరాలు తిరిగింది. పడ్డా చావలేదు. మిగిలిన రెక్కలతో ఈడ్చుకుంటూ మళ్ళీ వాడి చేతి వైపే వస్తోంది.

అప్పుడు మరిడయ్య బాబాయ్ గోనెసంచి తీసుకుని దాని మీద పడ్డాడు.

పిచ్చెక్కిన పుంజుని అలాగే అణుస్తారు. మీద గుడ్డ కప్పితే, చీకటి పడిందనుకుని సద్దుమణుగుతుంది. జీవితమంతా ఆయన చేసిన పని అదే. చెయ్యి ఆలోచించకుండానే చేసేసింది. అది పుంజు కాదు. దానికి చీకటి తెలియదు. సంచిని, ఆయన పొట్టని కలిపి కోసేసింది.

ఆయన లేవలేదు, వదల్లేదు. దాని మీదే బరువుగా పడి ఉండి, "కొట్టండి," అన్నాడు. మేం ఆయన చుట్టూ, ఆయన చేతుల మధ్య నుంచి కొట్టాం. రంపం ఆగేదాకా కొట్టాను. ఆగాక కూడా కొట్టాను. బ్యాటరీ పగిలి ఆసిడ్ నా కాళ్ళ మీద పడింది. గంటయ్య వెనక నుంచి పట్టుకుని లాగాడు.

బాబాయ్‌ని వెల్లకిలా తిప్పాం. పేగులకి ఇసుక అంటుకుని ఉంది. నా వైపు చూసి, "గంప ఎత్తనిచ్చుంటే," అన్నాడు. మిగతాది అనలేదు.

గడి ఇంకా తెల్లగానే ఉంది.


నమోదు 7

ఇది ఆ ఇసుకలో నుంచే రాస్తున్నాను. పరాంకుశం గారు నా పక్కనే ఉన్నారు.

గద్ద పోయిందని తెలిసి జీపులో వచ్చాడు. ముందు శవాన్ని చూడలేదు. ముక్కల్ని చూశాడు.

"ఎంత పని చేశారు. ఇప్పుడు ఇంకోటి వస్తుంది, తెలుసా? నోటీసు ఈ గద్దలో ఉందనుకున్నావా? ఆఫీసులో ఉంది. ఇది పోతే ఇంకోటి. అది పోతే పది."

లోవరాజు వేలికి గుడ్డ చుట్టుకుని చూరు కింద కూర్చున్నాడు. ఆ మాట విని చెయ్యిని చంకలో దాచుకున్నాడు, చలేసినవాడిలాగ. అది చూశాక నాకింక ఆలోచన లేదు.

గద్ద పొట్టలోంచి బయటికొచ్చిన రాగి తీగ తీశాను. గంటయ్య పరాంకుశాన్ని వెనక నుంచి పట్టుకున్నాడు. అరిచాడు. నేను ఆయన నోటి మీద గుద్దితే పన్ను ఊడింది, అది నా లెక్కలో రాసుకోండి. ఆయన కుడి చెయ్యిని తమ్ముడి ఎడమ చేతితో కలిపాను. అరచెయ్యికి అరచెయ్యి, వేళ్ళలో వేళ్ళు, మణికట్టు నుంచి గోళ్ళ దాకా తీగ చుట్టాను. నాకు కట్టడం వచ్చు. తర్వాత ఇద్దరినీ ఆకాశం కిందికి నెట్టాను.

"ఏం చేస్తున్నావమ్మా, ఏం చేస్తున్నావ్," అంటూనే ఉన్నాడు.

"మీ చెయ్యి ఏదో, వాడి చెయ్యి ఏదో ఆ తేడా రాయడానికి దాంట్లో చోటుందేమో చూద్దాం సార్."

రెండో గద్ద రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. తిన్నగా దూకింది. నిలువెత్తు దూరంలో ఆగింది. రంపం తిరుగుతూనే ఉంది, ఆ గాలికి పరాంకుశం గారి జుట్టు లేచింది. లోవరాజు కళ్ళు మూసుకోలేదు. ఆయన మూసుకున్నాడు, ఎడమచేత్తో ఫోను తడిమాడు. ఏదో నంబరు చదివాడు. "తొలగించండి, నేనే, నేనే చెబుతున్నా, నా చెయ్యి ఉంది దాంట్లో," అన్నాడు. ప్యాంటు తడిసింది.

గద్ద రంపం ముడుచుకుని పైకి పోయింది. లోవరాజు నోటీసు మ్యాప్‌లోంచి పోయింది. వర్షాల దాకా అక్కర్లేకపోయింది.

"అయింది కదా, ఇంక విప్పు," అన్నాడు పరాంకుశం.

విప్పలేదు.

ఇప్పుడు మీకు చెబుతున్నాను, గగన కార్యాలయానికి. మరిడయ్య బాబాయ్‌ని ఈ ఇసుకలోనే కాలుస్తాం, ఎండిన పడవల చెక్కలు పేరుస్తున్నాం. ఆయన కాలి, బూడిద చల్లారేదాకా ఈ గడి మీద ఏదీ ఎగరకూడదు. గద్ద కాదు, సరుకు కూడా. యార్డు గోడ నుంచి అలల దాకా, ముందున్న గీత దాకా. ఈ గడి ఇప్పుడు మీకు ఎరుపు. దాటితే ఏం తెగుతుందో మీ పరాంకుశాన్ని అడగండి, ఫోన్లో ఉన్నాడు.

సరుకు డ్రోన్లు వరసగా వచ్చి గడి అంచున ఆగిపోతున్నాయి. వెనకవి ముందువాటి మీద పడుతున్నాయి. దక్షిణం వైపు నుంచి ఒక గద్ద మాత్రం ఆగకుండా మెల్లగా లోపలికి వస్తోంది. నేను సుత్తి అందుకున్నాను.

అవసరం లేకపోయింది. పరాంకుశం గారే అరుస్తూ చెయ్యి పైకెత్తి చూపించారు. దాంతోపాటు తమ్ముడి చెయ్యీ లేచింది. గద్ద ఆగింది, వెనక్కి తిరిగింది.

చితికి నిప్పు పెట్టాం.